రంగులు కలిసే చోటు: ఇబ్నుల్ హైసమ్ బొంగరం, హైదరాబాదు ముద్రణ

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున ఉన్న గచ్చిబౌలి ఒకనాడు బండరాళ్ళ గుట్టల నడుమ ఒక చిన్న గ్రామం. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయానికీ, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయానికీ అక్కడ ఆవరణలు వెలిశాయి. కంప్యూటర్ సంస్థల మేడలు లేచాయి. ఈనాడు ఆ ప్రాంతంలో పొద్దు గుంకిన తరువాత కూడా వేలాది మంది వెలుగుతున్న తెరల ముందు కూర్చుని పని చేస్తుంటారు. అలాంటి ఒక తెర మీద పసుపుపచ్చని బొమ్మ ఉన్నదనుకుందాం. దాన్ని భూతద్దంతో చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. అక్కడ పసుపుపచ్చ అన్నదే ఉండదు. ఎర్రని చుక్కలూ ఆకుపచ్చని చుక్కలూ పక్కపక్కన వెలుగుతుంటాయి. వాటి నడుమనున్న నీలి చుక్కలు చీకటిగా ఉంటాయి. భూతద్దం తీసివేస్తే మళ్ళీ పసుపుపచ్చే!

మరి ఈ పసుపు ఎక్కడిది? తెరలో లేదు. తెరకూ కంటికీ నడుమనున్న గాలిలో ఎరుపూ ఆకుపచ్చా కలిసి పసుపు పుట్టిందా? లేక కంటికి చేరిన తరువాత పుట్టిందా? ఈ ప్రశ్న కంప్యూటర్‌తో పుట్టినది కాదు. దీనికి సమాధానం వెతికే దారిని దాదాపు వెయ్యి సంవత్సరాల క్రితం బస్రాలో పుట్టి కైరోలో కన్నుమూసిన ఒక పండితుడు చూపాడు. ఆయన గ్రంథాన్ని ఆధారం చేసుకుని వ్రాసిన ఒక గొప్ప అరబ్బీ గ్రంథం అచ్చయినది ఈ హైదరాబాదు నగరంలోనే. ఆ చరిత్రను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రంగు నీళ్ళు, రంగు వెలుగులు

ముందుగా ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. రంగుల కలయిక అని మనం అనే దానిలో నిజానికి మూడు వేర్వేరు సంగతులున్నాయి.

బట్ట మీది పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఇది కలయిక కాదు, రసాయనిక మార్పు. పసుపులోని పదార్థమే సబ్బులోని క్షారం వల్ల మారిపోతుంది.

రెండవది అద్దకం. దుపట్టాలకు రంగులు వేసే రంగ్‌రేజు పసుపుపచ్చ రంగులో నీలం కలిపి ఆకుపచ్చ తెస్తాడు. ఇక్కడ రంగు పదార్థం వెలుగును కొంత మింగివేస్తుంది. పసుపు రంగు నీలి వెలుగును మింగుతుంది. నీలి రంగు ఎర్రని వెలుగును మింగుతుంది. రెండూ మింగగా మిగిలినది ఆకుపచ్చ. అంటే ఇది కూడిక కాదు, తీసివేత. అందుకే ఎన్ని ఎక్కువ రంగులు కలిపితే తొట్టి అంత నల్లబడుతుంది.

మూడవది వెలుగుల కలయిక. తెల్లని గోడ మీద ఎర్రని దీపం వెలుగు పడేచోటనే ఆకుపచ్చ దీపం వెలుగు కూడా పడితే, ఆ చోటు పసుపుపచ్చగా కనబడుతుంది. ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిస్తే లేత నీలాకుపచ్చ. ఎరుపు, నీలం కలిస్తే మన బట్టల దుకాణాల్లో రాణీ రంగు అనేదానికి దగ్గరి రంగు. మూడూ తగిన పాళ్ళలో కలిస్తే తెలుపు. ఇది కూడిక. వెలుగులు చేరిన కొద్దీ నలుపు వైపు కాక తెలుపు వైపు నడుస్తుంది.

రంగ్‌రేజు తొట్టిలో కలిసేవి పదార్థాలు. మరి గోడ మీద కలిసేవి ఏమిటి? ఎక్కడ కలుస్తున్నాయి?

ఒక రంధ్రం, కొన్ని దీపాలు

అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైసమ్ క్రీ.శ. 965 (హిజ్రీ 354) ప్రాంతంలో బస్రాలో జన్మించాడు. జీవితంలో ఎక్కువ భాగం కైరోలో గడిపి 1040 ప్రాంతంలో మరణించాడు. ఏడు భాగాల ‘కితాబుల్ మనాజిర్’ ఆయన ప్రధాన కృతి. చూపు అనేది కంటి నుండి వెలువడే కిరణాల వల్ల కలుగుతుందని యూక్లిడ్, టాలెమీ వంటి గ్రీకు గణితవేత్తలు చెప్పారు. ఇబ్నుల్ హైసమ్ దాన్ని నిరాకరించాడు. వెలుగూ, వెలుగుతో పాటు రంగూ, వస్తువుపై ప్రతి బిందువు నుండి అన్ని దిక్కులకూ తిన్నని గీతల్లో ప్రసరించి కంటిని చేరుతాయని నిరూపించబూనాడు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ప్రతి వస్తువు నుండి ప్రతి దిక్కుకూ వెలుగులు, రంగులు ప్రయాణిస్తున్నట్లయితే గాలిలో అవన్నీ ఒకదానినొకటి దాటుతూ ఉండాలి. అలాంటప్పుడు అవి కలగాపులగమై లోకమంతా ఒకే మసక రంగుగా ఎందుకు కనబడదు?

దీనికి జవాబుగా ఆయన ఒక ప్రయోగం వివరించాడు. ఒక చీకటి గదికి చిన్న రంధ్రం ఉండాలి. దాని ఎదుట వేర్వేరు చోట్ల కొన్ని దీపాలు పెట్టాలి. దీపాలు ఎన్నో, గది లోపలి గోడ మీద అన్ని వెలుగు మచ్చలు పడతాయి. ఒక దీపాన్ని మూసివేస్తే దానికి ఎదురుగా ఉన్న మచ్చ ఒక్కటే మాయమవుతుంది, తక్కినవి చెక్కుచెదరవు. మూత తీస్తే ఆ మచ్చ తిరిగి అదే చోట కనబడుతుంది. వెలుగులన్నీ ఒకే ఇరుకు రంధ్రం గుండా దూరి వచ్చాయి. అక్కడ అవి కలిసిపోయి ఉంటే, రంధ్రం దాటిన తరువాత విడివడి తమతమ చోట్లకు చేరగలిగేవి కావు. కనుక వెలుగులు గాలిలో కలిసిపోవు, రంగుల సంగతీ అంతే అని ఆయన నిర్ణయించాడు.

ఎంత సాదా ప్రయోగం! కావలసినది కొన్ని నూనె దీపాలు, ఒక తలుపు సందు. కాని రంగుల కలయిక విషయంలో మొదటి మెట్టు ఇదే. తెర మీది ఎర్రని వెలుగు ఎర్రగానే ప్రయాణిస్తుంది, ఆకుపచ్చ ఆకుపచ్చగానే వస్తుంది. దారిలో పసుపు పుట్టదు.

బొంగరం

అయితే కలయిక ఎక్కడ? ‘మనాజిర్’ రెండవ భాగంలో ఇబ్నుల్ హైసమ్ పిల్లలాడుకునే బొంగరాన్ని తెచ్చి మన ముందు పెట్టాడు. బొంగరం మీద నడిమి నుండి అంచు దాకా వేర్వేరు రంగుల గీతలు వేసి గట్టిగా తిప్పితే, చూసేవానికి ఆ గీతలు కనబడవు. ఒకే ఒక రంగు కనబడుతుంది. అది గీతల్లోని ఏ ఒక్క రంగూ కాదు, వాటన్నిటి నుండి కూడినట్లుండే వేరొక రంగు. వేగం మరీ ఎక్కువైతే బొంగరం కదలనట్లే తోస్తుంది.

ఇది ఆయనే మొదట చూసిన సంగతి కాదు. క్రీ.శ. రెండవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో నివసించిన టాలెమీ తన దృష్టిశాస్త్ర గ్రంథంలో రంగులు వేసి తిప్పిన చక్రాన్ని ప్రస్తావించాడు. రంగురంగుల చిన్న ముక్కలను చాలా దూరం నుండి చూసినా అవి ఒకే రంగుగా కనబడతాయని కూడా ఆయన చెప్పాడు. టాలెమీ దీన్ని చూపు పొరపడే తీరుకు ఉదాహరణగా తీసుకున్నాడు. ఇబ్నుల్ హైసమ్ అదే దృశ్యాన్ని మరొక ప్రశ్నకు సాక్ష్యంగా నిలబెట్టాడు. రంగును గుర్తించడానికి కంటికి కొంత కాలం పడుతుందా, లేదా? తిరిగే బొంగరం మీద ఏ రంగూ ఒకచోట తగినంత సేపు నిలవదు. కన్ను దాన్ని గుర్తించేలోగా ఆ చోటికి మరొక రంగు వచ్చేస్తుంది. అందుచేత ఇంద్రియం వాటిని విడదీయలేక ఒకటిగా గ్రహిస్తుంది. కనుక రంగును గ్రహించడం క్షణంలో ముగిసేది కాదు, దానికి కాలం కావాలి.

దీపాల ప్రయోగాన్నీ బొంగరాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. వెలుగులు దారిలో కలవవు. బొంగరం మీది రంగులూ ఒకదానిలో ఒకటి కరగవు, బొంగరం ఆగిన వెంటనే గీతలు గీతలుగానే ఉంటాయి. కలయిక చూపులో జరుగుతున్నది.

ఒకే గీత కాదు

ఆ కాలంలో రంగులను తెలుపు, నలుపుల మధ్య వరుసగా పేర్చడం అరిస్టాటిల్ నుండి వచ్చిన సంప్రదాయం. ఇబ్నె సీనా (మరణం 1037) దీన్ని సవరించాడు. తెలుపు నుండి నలుపుకు పోయే దారి ఒకటి కాదు, మూడు అన్నాడు. ఒకటి బూడిద రంగు మీదుగా, ఒకటి ఎరుపు మీదుగా, ఒకటి ఆకుపచ్చ, ముదురు నీలాల మీదుగా. నసీరుద్దీన్ తూసీ (1201–1274) ఈ దారుల సంఖ్యను ఐదుకు పెంచాడు. రంగులను ఒకే గీత మీద పేర్చడం సాధ్యం కాదని వీరు గ్రహించారు. ఈనాటి శాస్త్రం కూడా ఒక రంగును సూచించడానికి మూడు సంఖ్యలు వాడుతుంది.

తూసీ శిష్యుడు ఖుత్బుద్దీన్ షీరాజీ (1236–1311). ఆయన శిష్యుడు కమాలుద్దీన్ ఫారిసీ (1267–1319). దృష్టి విషయమై ఫారిసీకి కలిగిన సందేహాలు విని, చిన్ననాడు ఫార్స్ ప్రాంతపు గ్రంథాలయంలో ఇబ్నుల్ హైసమ్ పుస్తకం చూసిన జ్ఞాపకం షీరాజీకి వచ్చింది. ఎంతో దూరం నుండి ఆ ప్రతిని తెప్పించి శిష్యుని చేతిలో పెట్టాడు. ఆ పుస్తకాన్ని ఫారిసీ కేవలం చదివి ఊరుకోలేదు. దాన్ని సంగ్రహించి, వ్యాఖ్యానించి, తప్పని తోచిన చోట సరిదిద్ది ‘తన్‌ఖీహుల్ మనాజిర్’ అనే బృహద్గ్రంథం రచించాడు.

ఇంద్రధనుస్సు గురించి ఇబ్నుల్ హైసమ్ ఇచ్చిన వివరణ ఫారిసీకి తృప్తినివ్వలేదు. చీకటి గదిలో నీటితో నింపిన గాజు గోళాన్ని వాన చినుకుకు మారుగా నిలిపి, దానిపై సూర్యకాంతి పడనిచ్చి పరిశీలించాడు. చినుకులోకి వెళ్ళేటప్పుడు ఒకసారి, వెలికి వచ్చేటప్పుడు మరొకసారి వెలుగు వంగుతుందనీ, నడుమ లోపలి గోడ మీద ఒకసారి తిరగబడితే మొదటి ధనుస్సు, రెండుసార్లు తిరగబడితే రెండవ ధనుస్సు ఏర్పడుతుందనీ తేల్చాడు. ఇంచుమించు అదే కాలంలో జర్మనీ ప్రాంతంలో ఫ్రైబర్గ్‌కు చెందిన థియోడోరిక్ కూడా, ఫారిసీతో సంబంధం లేకుండానే, ఇదే నిర్ణయానికి వచ్చాడు.

అయితే ధనుస్సులో రంగులు ఎందుకు కలుగుతాయన్న దానికి ఫారిసీ ఇచ్చిన సమాధానం నిలవలేదు. వెలుగు రూపాలు చీకటి మీద ఒకదానిపై ఒకటి పడి రంగులనిస్తాయని ఆయన భావించాడు. వెలుగు దారి సరిగా చూపిన ఆయన, రంగు పుట్టుక దగ్గర పాత భావాల నుండి పూర్తిగా బయటపడలేకపోయాడు.

పడమటి దేశాల్లో

‘మనాజిర్’ లాటిన్ అనువాదం 13వ శతాబ్దంలో రోజర్ బేకన్ వంటి వారి చేతుల్లో ఉంది. 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది. అయితే లాటిన్ ప్రతుల్లో మొదటి భాగంలోని తొలి మూడు అధ్యాయాలు లేవు. ఫారిసీ గ్రంథమైతే లాటిన్‌లోకి పోనేలేదు.

1604లో కెప్లర్ కంటి వెనుక పొరపైన బొమ్మ పడుతుందని చూపాడు. ఇబ్నుల్ హైసమ్ ఆ స్థానాన్ని కంటి ముందున్న స్ఫటిక భాగానికి ఇచ్చాడు; అది సరి కాదని తేలింది. 1666లో న్యూటన్ పట్టకం గుండా సూర్యకాంతిని పంపి రంగులుగా విడదీశాడు. తిరిగి కలిపి తెలుపు తెచ్చాడు. రెండు రంగుల కిరణాల కలయిక మరొక స్వచ్ఛమైన రంగులా కనబడినా, పట్టకం దాన్ని మళ్ళీ విడదీస్తుందనీ, స్వచ్ఛమైన కిరణం మాత్రం విడిపోదనీ ఆయన గమనించాడు.

ఈ భేదాన్ని ఒక ఉదాహరణతో చూడవచ్చు. తక్కువ పీడనపు సోడియం దీపపు పసుపు దాదాపు ఒకే తరంగదైర్ఘ్యం గల వెలుగు, ఇంచుమించు 589 నానోమీటర్లు. తెర మీది పసుపు రెండు వెలుగుల జత. కంటికి రెండూ ఒకటే. కాని సోడియం దీపం కింద నీలి బట్ట నల్లగా కనబడుతుంది, ఎందుకంటే ఆ వెలుగులో పసుపు తప్ప వేరొకటి లేదు.

కన్ను ఎందుకు ఇలా మోసపోతుంది? కంటిలో మూడు రకాల గ్రాహకాలు ఉండవచ్చునని 1801లో థామస్ యంగ్ ఊహించాడు. రంగు పదార్థాల కలయిక వేరు, వెలుగుల కలయిక వేరని 1852లో హెల్మ్‌హోల్ట్స్ స్పష్టం చేశాడు. 1855లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాగితపు బిళ్ళలు అమర్చిన బొంగరాన్ని తిప్పి, ఏ రంగు ఎంత పాలు ఉంటే ఏ రంగు వస్తుందో కొలిచాడు. 1861 మే 17న లండన్‌లో మూడు రంగు వెలుగులను ఒకే తెర మీద కలిపి, రంగుల పట్టీ ఛాయాచిత్రాన్ని చూపాడు. గచ్చిబౌలిలోని ప్రతి తెరా ఆనాటి తెరకు వారసురాలే.

గ్రాహకాలు మూడు రకాలేనన్నది తరువాత నిర్ధారణ అయింది. ఒక్కొక్క రకం కొంత మేర వెలుగుకు స్పందిస్తుంది. స్వచ్ఛమైన పసుపు కిరణం ఎరుపు వైపు గ్రాహకాన్నీ, ఆకుపచ్చ వైపు గ్రాహకాన్నీ రెండింటినీ కదిలిస్తుంది. ఎర్రని, ఆకుపచ్చని వెలుగులు జతగా వచ్చినా అవే రెండూ కదులుతాయి. మెదడుకు అందే వార్త ఒకటే కనుక కనబడే రంగూ ఒకటే.

హైదరాబాదు ముద్రణ

ఇబ్నుల్ హైసమ్ చేతిలోని బొంగరం ఎనిమిది వందల సంవత్సరాల తరువాత మాక్స్‌వెల్ చేతిలో మళ్ళీ తిరిగింది. నడుమ ఆ అరబ్బీ గ్రంథాల గతి ఏమైంది?

1888లో నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, మౌలానా అన్వారుల్లా ఫారూఖీల పూనికతో హైదరాబాదులో దాయిరతుల్ మఆరిఫ్ ఏర్పడింది. వ్రాతప్రతులుగానే మిగిలిపోయిన అరబ్బీ గ్రంథాలను సరిచూసి అచ్చు వేయించడం దాని పని. హదీసు, చరిత్ర, జీవితచరిత్రల గ్రంథాలతో పాటు ఖాజినీ ‘మీజానుల్ హిక్మా’, అల్ బీరూనీ ‘అల్ ఖానూనుల్ మస్ఊదీ’ వంటి విజ్ఞాన గ్రంథాలను కూడా ఈ సంస్థ వెలువరించింది. ఫారిసీ ‘తన్‌ఖీహుల్ మనాజిర్’ హిజ్రీ 1347–48 (క్రీ.శ. 1928–30)లో రెండు సంపుటాలుగా ఇక్కడ అచ్చయింది. హిజ్రీ 1357లో ఇబ్నుల్ హైసమ్ చిన్న రిసాలాల సంపుటి వచ్చింది. వెలుగును గురించిన రిసాలా అందులో ఉంది.

ఈ పని విలువ తెలియాలంటే ఒక తేదీ చాలు. ‘కితాబుల్ మనాజిర్’ మొదటి మూడు భాగాల అరబ్బీ మూలం కువైట్‌లో అచ్చయినది 1983లో. అంతకు ముందు అర్ధ శతాబ్దికి పైగా, ఆ గ్రంథంలోని ఆలోచనను అరబ్బీ అచ్చులో విస్తారంగా చదవగోరిన వారికి దారి చూపినది హైదరాబాదు ప్రతి. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా పడమటి శాస్త్రాలను ఉర్దూలోకి తెస్తున్న ఆ రోజుల్లోనే, అదే నగరంలో దాయిరతుల్ మఆరిఫ్ పూర్వపు శాస్త్రాలను అచ్చులోకి తెస్తున్నది. ఒకటి లేకుంటే రెండవది అసంపూర్తి అని ఆనాటి పెద్దలకు తెలుసు.

ఒక్క మాట మారితే

ఇబ్నుల్ హైసమ్ వంటి వారి గురించి వ్రాసేటప్పుడు రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. గ్రీకుల నుండి నేరుగా న్యూటన్‌కు దుమికి నడుమ ఎవరూ లేనట్లు వ్రాయడం ఒకటి. న్యూటన్, మాక్స్‌వెల్ చెప్పినదంతా మనవాళ్ళు ముందే చెప్పేశారనడం రెండవది. మొదటిది అన్యాయం. రెండవది అభిమానంలా కనబడుతుంది గాని అదీ అన్యాయమే. అది ఆ పండితుడు నిజంగా చేసిన పనిని చెరిపివేసి, చేయని పనిని ఆయన పేర వ్రాస్తుంది.

బొంగరం సంగతే తీసుకోండి. గీతల రంగులన్నిటికీ భిన్నమైన ఒకే రంగు కనబడుతుందని మాత్రమే ఇబ్నుల్ హైసమ్ చెప్పాడు. అనువదించేవాడు అక్కడ ‘ఒకే రంగు’కు బదులు ‘తెలుపు’ అని ఒక్క మాట మార్చితే చాలు, బడి పిల్లలు తిప్పే ఏడు రంగుల న్యూటన్ చక్రం పదకొండవ శతాబ్దంలోనే కైరోలో తిరిగినట్లు అవుతుంది! చదివేవారు సంతోషిస్తారు. కాని మూలంలో ఆ మాట లేదు. అది ఉన్నదని నమ్మిన విద్యార్థి రేపు మూలం తెరిచి చూసిననాడు, ఆ ఒక్క మాటనే కాదు, తక్కిన నిజాలను కూడా శంకిస్తాడు. పైగా ఈ ఆర్భాటంలో అసలు ఘనత మరుగునపడుతుంది. రంగును గ్రహించడానికి కాలం కావాలన్న సంగతీ, వెలుగులు దారిలో కలవవన్న సంగతీ ఎవరికీ గుర్తుండవు.

టాలెమీపై తన సందేహాలను ఏకరువు పెట్టిన గ్రంథంలో ఇబ్నుల్ హైసమే ఈ విషయమై హెచ్చరించాడు. పూర్వుల గ్రంథాలు చదివేవాడు వారి మీది సదభిప్రాయానికి లొంగిపోకూడదనీ, చదివిన ప్రతిదాన్నీ పరీక్షకు పెట్టాలనీ, పరీక్షించేవాడు తన్ను తాను కూడా శంకించుకోవాలనీ ఆయన భావం. ఫారిసీ తన గురుస్థానీయుడి ఇంద్రధనుస్సును సరిదిద్దినప్పుడు ఆ మాటనే పాటించాడు. ఆయన పట్ల అంతకంటె గౌరవం మరొకటి ఉండదు.

దాయిరతుల్ మఆరిఫ్ నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉంది. అక్కడి నుండి నగరాన్ని దాటి పడమటికి పోతే గచ్చిబౌలి. ఒకచోట ఆ గ్రంథాన్ని అచ్చు వేసిన సంస్థ, మరొకచోట ఆ గ్రంథం లేవనెత్తిన ప్రశ్న రాత్రింబగళ్ళు వెలిగే తెరలు. ఆ తెర ముందు కూర్చున్న యువకుడు భూతద్దంతో ఒకసారి చూసి, తలుపు సందులో రెండు దీపాలు పెట్టి, బొంగరం మీద రంగు కాగితాలు అతికించి తిప్పితే, ఇబ్నుల్ హైసమ్ చూసినదే చూడగలడు. ఎరుపూ ఆకుపచ్చా అతికించిన బొంగరం మీద తెర మీది మేలిమి పసుపు రాదు. కాగితం వెలుగులో కొంతే తిప్పి పంపుతుంది గనుక మసకబారిన పసుపు మాత్రమే వస్తుంది. చూసినవాడు చూసినట్లుగా, మసకగా ఉన్నదని వ్రాసుకోవాలి.